అస్థి కండర కణం: నిర్మాణం, పనితీరు

ఎముకలను అంటిపెట్టుకుని, మన ఇష్టాన్ని బట్టి కదిలే కండరాలను అస్థి కండరాలు అంటారు. వీటిలోని ఒక్కొక్క కణం అస్థి కండర కణం. దారంలా సన్నగా, పొడవుగా ఉంటుంది కనుక దీనికి కండర తంతువు అనే పేరు కూడా ఉంది. సూక్ష్మదర్శినిలో చూస్తే దీని మీద ముదురు, లేత అడ్డచారలు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. అందుకే పాఠ్యపుస్తకాలు దీన్ని రేఖిత కండరం అని కూడా అంటాయి. గుండె కండరానికీ చారలున్నాయి గానీ అది మన ఇష్టం మీద నడవదు. పేగులు, రక్తనాళాల గోడల్లో ఉండే నునుపు కండరానికి చారలూ లేవు, దాని మీద మనకు అదుపూ లేదు (చూ. హృదయ కండరం, నునుపు కండరం).

మనిషి ఒంట్లో 600కు పైగా అస్థి కండరాలున్నాయి. పెద్దవాళ్ల బరువులో సుమారు 40 శాతం వీటిదే. నడక, బరువులెత్తడం మాత్రమే వీటి పనులు కావు. మాట్లాడటం, మింగడం, కనుగుడ్లు తిప్పడం, ఊపిరి పీల్చడం కూడా వీటి వల్లే జరుగుతాయి. ఒంటికి కావలసిన వేడిలో చాలా భాగం ఇవే పుట్టిస్తాయి. భోజనం తర్వాత రక్తంలో చేరిన గ్లూకోజ్‌లో గణనీయమైన భాగం వీటిలోకే వెళుతుంది.

ఈ వ్యాసంలో రెండు అంశాలకు ఎక్కువ చోటు దక్కింది. ఒకటి కండరానికి శక్తి అందే విధానం. దాన్ని వెలికితీసిన వారిలో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. రెండోది నాడి వచ్చి కండరాన్ని కలిసే చోటు. ఎన్టీఆర్ జిల్లాలోని జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో పొలం పనిచేసేవారికి పురుగుమందు వల్ల గానీ పాము వల్ల గానీ ప్రాణం మీదికి వస్తే, ఆ ప్రమాదం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

పరిజ్ఞాన చరిత్ర

కండరంలోని అడ్డచారలను డచ్చి పరిశీలకుడు లీవెన్‌హుక్ 17వ శతాబ్దంలోనే చూశాడు. 1864లో జర్మన్ శాస్త్రవేత్త కూనే కండరం నుంచి ఒక ప్రోటీన్‌ను తీసి దానికి మయోసిన్ అని పేరు పెట్టాడు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే సంకోచానికి నేరుగా కారణమని నమ్మేవారు. ఈ రంగంలో కృషికి ఎ.వి. హిల్, ఓటో మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ నమ్మకాన్ని కదిలించిన పని హార్వర్డ్ వైద్య కళాశాలలో జరిగింది. 1895 జనవరి 12న పుట్టి, మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లిన సుబ్బారావు అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశారు. రక్తంలో, కణజాలాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రచురించారు. నమూనాలో మాలిబ్డేట్, దాన్ని క్షయకరించే మరో రసాయనం కలిపితే నీలి రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా పేరుపడిన ఈ పరీక్షను తరతరాల జీవరసాయన విద్యార్థులు చేశారు.

అసలు సంగతి కండర సారం మీద ఈ పరీక్ష చేసినప్పుడు బయటపడింది. రంగు వెంటనే పూర్తిగా రాలేదు, నిమిషాలు గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది. పరీక్షలో పొరపాటు జరిగిందని వాళ్లు వదిలేయలేదు. ఆమ్లంలో మెల్లగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను వదిలే పదార్థమేదో కండరంలో ఉందని గ్రహించారు. దాన్ని వేరుచేసి చూస్తే ఫాస్ఫోక్రియాటిన్ అని తేలింది. పిల్లి కండరాన్ని ప్రేరేపించి పని చేయిస్తే అది తగ్గింది, విశ్రాంతినిస్తే మళ్లీ నిండింది. ఈ ఫలితాలు 1927లో వెలువడ్డాయి. అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడా విడిగా ఈ పదార్థం జాడ పట్టారు. 1929లో ఫిస్క్, సుబ్బారావు కండరంలో నేరుగా శక్తినిచ్చే ఎ.టి.పి. అనే అణువును కనుగొన్నారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడాది దాన్ని కనుగొన్నాడు. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా ఆపినా కండరం కొంతసేపు సంకోచిస్తూనే ఉంటుందని చూపడంతో పాత సిద్ధాంతం పడిపోయింది. సుబ్బారావును తెలుగువారు ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ మందుల సందర్భంలో ఎక్కువగా తలుస్తారు. శరీరధర్మ శాస్త్రంలో ఆయన కండర పరిశోధన వాటికి ఏమాత్రం తీసిపోదు. ఆయన 1948 ఆగస్టులో మరణించారు.

1939లో రష్యన్ శాస్త్రవేత్తలు ఎంగెల్‌హార్ట్, ల్యూబిమోవా ఎ.టి.పి.ని విడగొట్టేది మయోసినే అని చూపారు. 1940ల తొలి సంవత్సరాల్లో హంగరీలో సెంట్-గ్యోర్గి ప్రయోగశాలలో స్ట్రౌబ్ ఆక్టిన్ అనే మరో ప్రోటీన్‌ను కనుగొన్నాడు. 1954లో రెండు బృందాలు వేర్వేరుగా, ఒకే పత్రిక ఒకే సంచికలో, జారే తంతువుల సిద్ధాంతాన్ని ప్రకటించాయి. ఒక బృందంలో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్, మరో బృందంలో ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కే ఉన్నారు. ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు.

కణ నిర్మాణం

కండర తంతువు మందం సాధారణంగా 10 నుంచి 100 మైక్రోమీటర్లు. పొడవు మాత్రం సెంటీమీటర్లలో ఉంటుంది. పిండదశలో మయోబ్లాస్టులనే చిన్న కణాలు అనేకం ఒకదానితో ఒకటి కలిసిపోయి ఒక్క తంతువుగా మారతాయి. అందుకే ఒక్కో తంతువులో వందల కేంద్రకాలు ఉంటాయి. అవి కణం నడుమ కాక అంచున, పొర కిందే సర్దుకుని ఉంటాయి. మధ్య చోటంతా సంకోచించే యంత్రాంగానిది. బయాప్సీలో కేంద్రకాలు మధ్యకు చేరినట్టు కనిపిస్తే ఆ తంతువు దెబ్బతిని మళ్లీ పెరుగుతోందని వైద్యులు అనుమానిస్తారు.

కణాన్ని చుట్టి ఉన్న పొర సార్కోలెమ్మా, లోపలి ద్రవ్యం సార్కోప్లాసం. ఇందులో గ్లైకోజెన్ రేణువులు, మైటోకాండ్రియా, ఆక్సిజన్‌ను పట్టి ఉంచే ఎర్రని మయోగ్లోబిన్ ఉంటాయి. సార్కోలెమ్మా అక్కడక్కడా గొట్టాల్లా లోపలికి చొచ్చుకుపోతుంది. వీటిని టి-నాళికలు అంటారు. ఉపరితలం మీద పుట్టిన విద్యుత్ ప్రచోదనాన్ని కణం లోతుల దాకా చేర్చేవి ఇవే. ఒక్కో టి-నాళికకు రెండు పక్కలా సార్కోప్లాస్మిక్ జాలం చివరలు ఉబ్బి ఆనుకుని ఉంటాయి. ఈ మూడింటి కూర్పును త్రయం అంటారు. సార్కోప్లాస్మిక్ జాలం కాల్షియానికి గిడ్డంగి.

కణం పొడవునా 1–2 మైక్రోమీటర్ల మందంతో మయోఫైబ్రిల్స్ అనే పోగులు పరుచుకుని ఉంటాయి. ప్రతి మయోఫైబ్రిల్‌లోనూ సార్కోమియర్లు వరుసగా ఉంటాయి. విశ్రాంతి దశలో సార్కోమియర్ పొడవు 2–2.5 మైక్రోమీటర్లు. రెండు జడ్-గీతల మధ్య భాగం ఒక సార్కోమియర్. జడ్-గీతల నుంచి సన్నని ఆక్టిన్ తంతువులు లోపలికి సాగుతాయి. మధ్యలో 1.6 మైక్రోమీటర్ల పొడవున్న మందపాటి మయోసిన్ తంతువులు ఉంటాయి. ఒక్కో మందపాటి తంతువులో సుమారు 300 మయోసిన్ అణువులుంటాయి. ముదురు చార ఎ-పట్టీ, అంటే మయోసిన్ ఉన్నంత మేర. లేత చార ఐ-పట్టీలో ఆక్టిన్ మాత్రమే ఉంటుంది.

మయోసిన్ తంతువును జడ్-గీతకు కలిపి నడుమ నిలిపి ఉంచేది టైటిన్. మనిషి శరీరంలో ఇప్పటివరకు తెలిసిన ప్రోటీన్లలో అన్నిటికన్నా పెద్దది ఇదే. సార్కోమియర్ సాగినప్పుడు వెనక్కి లాగేదీ ఇదే. డిస్ట్రోఫిన్ అనే మరో ప్రోటీన్ లోపలి యంత్రాంగాన్ని కణపు పొరకు కట్టి ఉంచుతుంది. దాని సంగతి వ్యాధుల విభాగంలో వస్తుంది.

నాడీ–కండర సంధి

వెన్నుపాము నుంచి వచ్చే చాలక నాడి చివర కొమ్మలుగా విడిపోయి ఒక్కో కొమ్మ ఒక్కో తంతువును చేరుతుంది. ఒక నాడీకణం, దాని అదుపులో ఉన్న తంతువులు కలిసి ఒక చాలక ప్రమాణం. కనుగుడ్డును తిప్పే కండరాల్లో ఒక నాడీకణం కింద పది పదిహేను తంతువులుంటే, పిక్క కండరంలో వెయ్యికి పైగా ఉంటాయి. చూపు సూక్ష్మంగా కదలడానికీ, పిక్క బలంగా తన్నడానికీ ఈ తేడాయే కారణం.

నాడి కండరాన్ని తాకదు. రెండింటి మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. నాడీ ప్రచోదనం చివరికి చేరగానే అక్కడి సంచుల్లోని ఎసిటైల్‌కోలిన్ ఈ ఖాళీలోకి విడుదలై, కండరపు పొర మీది గ్రాహకాలకు అతుక్కుంటుంది. దాంతో పొరలో సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. విశ్రాంతిలో సుమారు −90 మిల్లీవోల్టుల దగ్గర ఉన్న పొర ఒక్కసారిగా తిరగబడి, ఆ తరంగం తంతువు రెండు కొసలకూ పాకుతుంది. ఆదేశం ముగియాలంటే ఎసిటైల్‌కోలిన్ పోవాలి. ఖాళీలోనే కాచుకుని ఉండే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని కొన్ని మిల్లీసెకన్ల లోపే ముక్కలు చేస్తుంది. ఈ ఎంజైమ్ గానీ, గ్రాహకం గానీ, నాడి కొస గానీ చెడితే కండరం తనంతట బాగానే ఉన్నా పనికి రాకుండా పోతుంది.

సంకోచం, సడలింపు

ప్రచోదనం టి-నాళికల్లోకి దిగగానే అక్కడి వోల్టేజి గ్రాహకాలు కదిలి, ఎదురుగా ఉన్న సార్కోప్లాస్మిక్ జాలపు కాల్షియం ద్వారాలను తెరుస్తాయి. కాల్షియం వెల్లువలా సార్కోప్లాసంలోకి వస్తుంది. విశ్రాంతిలో ఆక్టిన్ మీద మయోసిన్ పట్టుకోవలసిన చోట్లను ట్రోపోమయోసిన్ అనే పోగు మూసి ఉంచుతుంది. కాల్షియం ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కోగానే ఆ పోగు పక్కకు జరుగుతుంది. మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టుకుని కొన్ని నానోమీటర్ల దూరం లాగుతాయి. వీటిని అడ్డ వంతెనలు అంటారు. తర్వాత కొత్త ఎ.టి.పి. అణువు వచ్చి తలకు చేరితేనే పట్టు వదులుతుంది. ఆ ఎ.టి.పి. విడిపోగానే తల మళ్లీ లాగడానికి సిద్ధమవుతుంది. ఆక్టిన్, మయోసిన్ తంతువులేవీ కురచ కావు. రెండు చేతుల వేళ్లను ఎదురెదురుగా పెట్టి ఒకదాని సందుల్లోకి మరొకదాన్ని తోసినట్టు, సన్నని తంతువులు మందపాటి వాటి మధ్యకు జారతాయి. అందుకే సంకోచంలో ఐ-పట్టీ కుదించుకుపోతుంది, ఎ-పట్టీ పొడవు మారదు.

కండరం బిగుసుకోవడానికే శక్తి కావాలని, సడలింపు దానంతట అదే జరుగుతుందని చాలామంది అనుకుంటారు. సడలడానికీ ఎ.టి.పి. కావాలి. మయోసిన్ పట్టు వదలడానికి ఒకటి, కాల్షియాన్ని తిరిగి గిడ్డంగిలోకి తోడే పంపులకు మరొకటి. చనిపోయిన కొన్ని గంటలకు శవం కట్టెలా బిగుసుకుపోవడానికి కారణం ఎ.టి.పి. అయిపోయి అడ్డ వంతెనలు పట్టిన పట్టు వదలకపోవడమే. ప్రోటీన్లు శిథిలమయ్యేకొద్దీ ఒకటి రెండు రోజుల్లో ఆ బిగువు పోతుంది. ఎండాకాలంలో ఇది త్వరగా వచ్చి త్వరగా పోతుంది. మరణ సమయాన్ని అంచనా వేసేటప్పుడు పోలీసు వైద్యులు దీన్ని లెక్కలోకి తీసుకుంటారు.

ఒక తంతువు ప్రచోదనం అందితే సంకోచిస్తుంది, లేకుంటే లేదు, సగం సగం ఉండదు. మొత్తం కండరం బలాన్ని పెంచాలంటే మెదడు మరిన్ని చాలక ప్రమాణాలను రంగంలోకి దించుతుంది, లేదా ప్రచోదనాలను వెంటవెంటనే పంపుతుంది. గోడను నెట్టినప్పుడు కండరం పొడవు మారకుండానే బలం పుడుతుంది. మిర్చి టిక్కీని (బస్తాను) లారీలోకి ఎత్తే హమాలీ భుజాన కండరం కురచవుతూ పనిచేస్తుంది. అదే టిక్కీని నెమ్మదిగా కిందికి దించేటప్పుడు సాగుతూనే బిగువు పడుతుంది. సాగుతూ బిగువు పట్టే ఈ మూడో రకం పనిలోనే తంతువుల్లో సూక్ష్మమైన చిరుగులు ఎక్కువగా ఏర్పడతాయి. అలవాటు లేని పనిచేసిన మర్నాడు, ఆ మర్నాడు ఒళ్లు నొప్పులకు ఇదే మూలం. ఆ నొప్పులను లాక్టిక్ ఆమ్లం మీదికి నెట్టడం ఇప్పటికీ వినిపిస్తుంది గానీ, పని ఆపిన గంటా రెండు గంటల్లోపే అది రక్తం నుంచి చాలావరకు తొలగిపోతుంది.

శక్తి వనరులు

తంతువులో సిద్ధంగా ఉన్న ఎ.టి.పి. పూర్తి బలంతో చేసే పనికి రెండు మూడు సెకన్లకు మించి చాలదు. ఆ వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేట్‌ను ఎ.టి.పి. విడిపోగా మిగిలే ఎ.డి.పి.కి ఇచ్చి ఎ.టి.పి.ని తిరిగి తయారుచేస్తుంది. క్రియాటిన్ కైనేజ్ ఎంజైమ్ ఈ పనిని క్షణంలో చేయిస్తుంది. ఇది సుమారు పది సెకన్ల వరకు ఆదుకుంటుంది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒక్కో ఎత్తు కొన్ని సెకన్లలో ముగిసిపోతుంది. అంతటి పనికి కావలసిన శక్తి దాదాపు మొత్తం ఈ నిల్వ నుంచే వస్తుంది.

పని అంతకు మించి సాగితే గ్లైకోజెన్ విచ్ఛిన్నమై ఆక్సిజన్ లేకుండానే ఎ.టి.పి. వస్తుంది, దానితో పాటు లాక్టేట్ తయారవుతుంది. నిమిషాలు, గంటలు సాగే పనిలో మైటోకాండ్రియా ఆక్సిజన్‌తో గ్లూకోజ్‌నూ, కొవ్వునూ మండించి శక్తినిస్తాయి. లాక్టేట్ వ్యర్థం కాదు. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం తిరిగి గ్లూకోజ్‌గా మారుస్తుంది (చూ. కోరి చక్రం).

తంతువుల రకాలు

ఒకటో రకం తంతువులు నెమ్మదిగా సంకోచిస్తాయి, త్వరగా అలవవు. మయోగ్లోబిన్, మైటోకాండ్రియా ఎక్కువగా ఉండి ఎర్రగా ఉంటాయి. 2-ఎక్స్ రకం వేగంగా, బలంగా సంకోచిస్తుంది గానీ త్వరగా అలసిపోతుంది. 2-ఎ రకం ఈ రెండింటి మధ్య ఉంటుంది. నాటుకోడి కోసేవారికి ఈ తేడా కంటికి తెలిసిందే. రోజంతా నడిచే కోడి తొడ మాంసం ముదురు రంగులో ఉంటే, ఎప్పుడో ఒకసారి రెక్కలు కొట్టడానికి మాత్రమే పనికొచ్చే రొమ్ము మాంసం తెల్లగా ఉంటుంది.

మనిషిలో ప్రతి కండరంలోనూ అన్ని రకాలూ కలిసే ఉంటాయి, పాళ్లు మారతాయి. నిలబడటానికి ఆధారమైన సోలియస్ అనే పిక్క కండరంలో నెమ్మది తంతువులదే పైచేయి. పత్తి తీసేటప్పుడు, మిరప కోసేటప్పుడు గంటల తరబడి నడుము వంచి ఉంచే వెన్ను కండరాలు కూడా ఆ కోవకే చెందుతాయి. శిక్షణతో 2-ఎక్స్, 2-ఎ రకాలు ఒకదాన్నుంచి ఒకటి మారతాయి. ఒకటో రకానికీ రెండో రకానికీ మధ్య మార్పు మాత్రం అంత సులువు కాదు.

పెరుగుదల, మరమ్మతు

పెద్దయ్యాక తంతువుల సంఖ్య పెద్దగా పెరగదు. వ్యాయామంతో కండ పెరిగిందంటే ఒక్కో తంతువులో మయోఫైబ్రిల్స్ పెరిగి అది లావైందని అర్థం. తంతువు అంచున నిద్రాణంగా ఉండే శాటిలైట్ కణాలను 1961లో అలెగ్జాండర్ మారో గుర్తించాడు. గాయమైనప్పుడు ఇవి మేల్కొని, విభజన చెంది, తంతువులో కలిసి కొత్త కేంద్రకాలను ఇస్తాయి. మంచం పట్టినా, నాడి తెగినా కండ త్వరగా కరుగుతుంది. నడివయసు నుంచి ప్రతి దశాబ్దానికీ కొంత కండ తరుగుతూ వస్తుంది. బరువులతో చేసే వ్యాయామం, తగినంత ప్రోటీన్ ఆ వేగాన్ని తగ్గిస్తాయి.

వ్యాధులు, జన్యు లోపాలు

డుషెన్ కండర క్షీణతలో డిస్ట్రోఫిన్ తయారుకాదు. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కనుక వ్యాధి దాదాపు మగపిల్లల్లోనే కనిపిస్తుంది. జన్యువును, ప్రోటీన్‌ను 1987 నాటికి గుర్తించారు. మూడు నుంచి ఐదేళ్ల వయసులో పిల్లవాడు తరచూ పడిపోవడం, మెట్లెక్కలేకపోవడం, నేల మీంచి లేచేటప్పుడు చేతులను తన మోకాళ్ల మీద, తొడల మీద ఆనించుకుంటూ లేవడం తొలి గుర్తులు. పిక్కలు లావుగా, బలంగా ఉన్నట్టు కనిపిస్తాయి. చూసినవాళ్లు పిల్లవాడు పుష్టిగా ఉన్నాడనుకుంటారు, నిజానికి అక్కడ కండ స్థానంలో కొవ్వు, పీచు చేరుతుంటాయి. రక్తంలో క్రియాటిన్ కైనేజ్ విపరీతంగా పెరగడం మొదటి పరీక్షలోనే తెలుస్తుంది. మయస్థీనియా గ్రావిస్‌లో శరీరం తన ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాల మీదే దాడి చేస్తుంది. సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోవడం దాని గుర్తు.

తెలుగు మూలాలున్న ఆర్యవైశ్య కుటుంబాలకు సంబంధించిన ఒక అంశాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సామెథోనియం అనే మందు మామూలుగా కొద్ది నిమిషాలే పనిచేస్తుంది. రక్తంలోని బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొడుతుంది. తరతరాలుగా తమలో తామే వియ్యమందుకున్న ఈ సమాజంలో ఆ ఎంజైమ్ లోపం ఇతరుల్లో కన్నా చాలా ఎక్కువ. ఎంజైమ్‌లో 307వ స్థానంలో ల్యూసిన్ బదులు ప్రోలిన్ చేరడమే కారణమని 2006లో ప్రచురితమైన పరిశోధన చూపింది. లోపం ఉన్నవారికి రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు. ఈ మందు ఇస్తే మాత్రం ఊపిరి కండరాలు గంటల తరబడి చచ్చుబడతాయి. వెంటిలేటర్ మీద ఉంచితే మందు ప్రభావం తగ్గి కోలుకుంటారు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చిన సంగతి ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

మెట్ట వ్యవసాయంలో కండరానికి ప్రమాదాలు

మొదట చెప్పిన జగ్గయ్యపేట మెట్టలోని గరికపాడు విజయవాడ–హైదరాబాద్ జాతీయ రహదారి మీద తెలంగాణ సరిహద్దు దగ్గర ఉంది. పూర్వపు కృష్ణా జిల్లాలోని ఈ ఊరు 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. చుట్టుపక్కల పత్తి, మిరప విస్తారంగా పండుతాయి. రెండూ పురుగుమందులు ఎక్కువగా కొట్టే పంటలే.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరతాయి. అవి ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను కట్టిపడేస్తాయి. ఎసిటైల్‌కోలిన్ తొలగక పేరుకుపోవడంతో కండరాలు మొదట చర్మం కింద అదురుతాయి, తర్వాత ఆదేశాలకు స్పందించడం మానేస్తాయి. చొంగ, చెమట, వాంతులు, కనుపాప చిన్నదవడం తోడవుతాయి. ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ చొంగను, ఊపిరితిత్తుల్లో చేరే నీటిని ఆపుతుంది గానీ అస్థి కండరాల మీది గ్రాహకాల దగ్గర పనిచేయదు. అందుకే తేరుకున్నట్టు కనిపించిన రోగికి కూడా ఒకటి నుంచి నాలుగు రోజుల లోపు మెడ, ఊపిరి కండరాలు చచ్చుబడే ప్రమాదం ఉంటుంది. బాగైంది కదా అని ముందే ఇంటికి తీసుకుపోకూడదు. మందు కొట్టినవారు బట్టలు వెంటనే విప్పి, సబ్బుతో ఒళ్లు కడుక్కోవాలి.

పాము విషాలు కూడా ఇదే నాడీ–కండర సంధిని రెండు వైపుల నుంచీ దెబ్బతీస్తాయి. నాగుపాము విషం కండరం వైపున గ్రాహకాలను మూసేస్తుంది. కట్లపాము విషం ప్రధానంగా నాడి కొసనే పాడుచేస్తుంది. అందువల్ల ఎసిటైల్‌కోలిన్ ముక్కలు కాకుండా ఆపే నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ నాగుపాము కాటులో ఉపయోగపడవచ్చు, కట్లపాము కాటులో దాని వల్ల సాధారణంగా ప్రయోజనం ఉండదు. నాడి కొసలు మళ్లీ పెరగడానికి రోజులు, వారాలు పడుతుంది. అంతకాలం వెంటిలేటరే ఊపిరి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కాటు దగ్గర నొప్పీ వాపూ లేకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే పాము కాటేమోనని అనుమానించి, మంత్రాలతో, నాటువైద్యంతో గంటలు పోగొట్టకుండా వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి.